చెట్టు తరఫున ఇచ్చిన మాట

"అమ్మమ్మా, ఇది చూడు. మమ్మీ ఓల్డ్ ఫోన్‌లో ఉంది. మన బ్యాక్‌యార్డ్‌లో ట్రీ సారీస్ కట్టుకుంది! ఎందుకు?"

ఏదీ, ఇలా తే. ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ... ఆఁ. అయ్యో రామా! ఇది మీ అమ్మ ఎప్పుడు తీసిందీ? నాతో ఒక్క ముక్క అన్లేదు చూడు. అవునే తల్లీ, చీరలే. అన్నీ నావే. కాదు కాదు, అన్నీ నావి కావు, ఈ ఆకుపచ్చది మా అత్తగారిది. గాలికి కొంగు లేచిందే, అది మా అమ్మది. నడుమ తెల్లగా ఉందే... దాని సంగతి అక్కడికొచ్చినప్పుడు చెప్తాను. ఏవిటీ, రికార్డు చేస్తున్నావా? చేసుకో. నేనేం కొత్తగా అల్లి చెప్పను కదా, జరిగిందే చెప్తాను.

ఇది ముందటేడు సంగతి. నువ్వప్పుడు అర్బానాలో హాస్టల్లో ఉన్నావు, కాలేజీ ఆఖరి నెలలు. పరీక్షలున్న పిల్లకి చెట్టు గొడవెందుకని ఎవరం చెప్పలేదు. అప్పటికి ఈ నేపర్‌విల్ ఇల్లు కొని నాలుగేళ్ళో, ఐదేళ్ళో. మనకి అమ్మినావిడ తాళాలిస్తూ, పెరట్లో ఉన్నది ఏప్రికాట్ చెట్టు, పూస్తుంది గానీ కాయదు అని చెప్పిందిట. ఆవిడన్నట్టే ప్రతి ఏడూ పూసేది. ఆకన్నది కనపడదు, కొమ్మ కొమ్మంతా పువ్వే. తెలుపూ కాదు, గులాబీ కాదు, పాలల్లో చిటికెడు కుంకం పడితే ఎలా ఉంటుందో అలాగ. పూసిన నాలుగు రోజులకి మంచు పడేది. అంతే. కాల్చి పారేసిన అగ్గిపుల్లల్లాగ నల్లబడి రాలిపోయేవి.

ఈ ఊరి వాతావరణం నీకు తెలుసు కదా. మన వేపు ఏప్రిల్ నడిమికల్లా అశ్వని కార్తె వచ్చేస్తుంది. మా నాన్నగారు పంచాంగం చూడక్కర్లేకుండానే చెప్పేవారు, కార్తె మారిందర్రా, మావిడికాయకి టెంక పడుతుంది, ఆవకాయకి కారం కొట్టించుకోండి, అని. ఇక్కడ అదే కార్తెలో కోటు వేసుకోవాలో తీసెయ్యాలో తెలీదు. వసంతం గుమ్మం దాకా వస్తుంది, ఏదో మర్చిపోయినదాన్లా వెనక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. మీ తాతగారూ నేనూ మొదట పార్సిప్పనీలో అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. గ్యాలను పాలు డాలరు చిల్లర ఉన్న రోజులు. అక్కడా ఇంతే, అయితే అక్కడ మనకి చెట్టూ చేమా లేవు కాబట్టి చలంటే మన ఒంటికే. చెట్టున్నవాళ్ళకి చలి వేరు. ఆ సంగతి నాకు ఈ ఇంట్లోనే తెలిసింది.

ఎక్కడున్నాను? ఆఁ, డెక్కు. చలికాలం ఆఖర్న ఓ ఆదివారం, భోజనాల దగ్గర మీ నాన్న డెక్కు మాటెత్తేరు. అదే, వెనక తలుపు తియ్యగానే చెక్కరుగు. నీ గ్రాడ్యుయేషన్ పార్టీకి అందరూ అక్కడ కూచోవాలని ఆయన సరదా. "చెట్టు అడ్డమొస్తాంది అత్తమ్మా. కొట్టేస్తే పనైతది" అన్నారు. మీ నాన్నది వరంగల్లు కదా, ఈ దేశం వచ్చి ఎన్నేళ్ళైనా ఆ మాట తీరు పోలేదు, పోకూడదు కూడానూ.

"పూసే చెట్టు బాబూ" అన్నాను.

"పూస్తది సరే, కాస్తదా? ఐదేండ్ల సంది నీళ్ళ బిల్లు మనమే కడ్తున్నం. మా ఆఫీస్‌ల గిట్లాంటోన్ని పెర్ఫార్మెన్స్ ప్లాన్‌ల పెట్టి నోటీస్ ఇస్తరు."

మీ అమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే నోరూరుకోక, మా ఇంట్లోనూ చెట్లకి నోటీసులిచ్చేవారు బాబూ అన్నాను. అదెట్లా అన్నారు. చెప్పేను. నీకూ చెప్పాలి కదా, లేకపోతే ఈ చీరల సంగతి నీకు అర్థం అవదు.

మా పుట్టింట్లో, పెరట్లో ఓ పనసచెట్టు ఉండేది. ఏనుగంత చెట్టు, ఒక్క కాయ లేదు. కాయని చెట్టుకి మా వేపు ఏం చేస్తారంటే, ఒకళ్ళు గొడ్డలి పుచ్చుకుని వెళ్ళి అడుగుతారు. మా నాన్నగారు పంచె ఎగ్గట్టి వెళ్ళి, మొదట్లో గొడ్డలి ఆనించి, "కాస్తావా, కొట్టెయ్యమంటావా?" అని గట్టిగా అడిగేరు. చెట్టు వెనకాల మా బామ్మ నించుంది, నెత్తి మీద ముసుగేసుకుని. గొంతు మార్చి, "కొట్టకు నాయనా, వచ్చే ఏటికి కాస్తాను" అంది. అది బామ్మేనని పిల్లలందరికీ తెలుసు. అయినా ఒళ్ళు ఝల్లుమంది. అలా బెదిరిస్తే చెట్టుకి భయవేసి కాస్తుందని అందరూ అంటారు. అసలు సంగతి అది కాదే. చెట్టు తరఫున మాటిచ్చినవాళ్ళే ఆ ఏడాదంతా ఆ చెట్టుకి చాకిరీ చెయ్యాలి. అది మా ఇంటి రివాజు. బామ్మ బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోసేది, పేడ తట్టలో మోసుకొచ్చి వేసేది, పక్కింటి మేక కనిపిస్తే మజ్జిగ చిలుకుతున్న కవ్వం పుచ్చుకుని వెంట పడేది. కాసింది. భయపడి కాసిందో, బామ్మకి భయపడి మేక రాక కాసిందో, నేను చెప్పలేను.

ఇది వినేసరికి మీ నాన్న కంచం ముందునించి లేచిపోయేరు. "నడువుండ్రి, ఇప్పుడే అడుగుదం" అని. గొడ్డలెక్కడిదీ మనింట్లో? గరాజ్‌లోంచి బ్యాటరీ రంపం తెచ్చేరు. అందులో ఛార్జింగ్ కూడా లేదు. పెరట్లో ఇంకా అక్కడక్కడ మంచు గడ్డలున్నాయి. నేను మీ అమ్మ చలి జాకెట్టు వేసుకుని, బూట్లు వేసుకుని, చెట్టు వెనకాల నించున్నాను. ఆయన రంపం ఆనించి, "ఏమే, కాస్తవా, కోసెయ్యమంటవా?" అని అడిగేరు. మీ అమ్మ నవ్వలేక కింద కూచుంది.

నేను "వచ్చే ఏటికి కాస్తాను" అనాలి. బామ్మ అన్న మాటదే. ఏడాది గడువుంటుంది. ఏవిటో, ఆ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయో ఏవిటో, "కోయకండి నాయనా, ఈ ఏడే కాస్తాను" అన్నాను.

మీ నాన్న వదుల్తారా! "విన్నవ్ కదా శారదా, ఈ ఏడే అన్నది! సరే అత్తమ్మా, పార్టీ హాల్‌ల చేద్దాం. జూలై దాక ఆగుత. కాసిందా, ఉంటది. కాయలేదా, కొట్టేస్త. మళ్ళ నన్ననొద్దు." ఆయనకి వేళాకోళమే. లోపలికెళ్ళి పెరుగన్నం తిన్నారు. నాకు మాత్రం అది వేళాకోళంగా మిగల్లేదు. నవ్వులాటకి అన్నా మాట మాటే కదా. పైగా చెట్టుకి నోరు లేదు, నేనిచ్చిన మాటకి కోత పడేది దానికి.

మర్నాటి నించి బియ్యం కడిగిన నీళ్ళు దానికే. నేల కరిగేక మొదలు చుట్టూ పాదు చేసేను. రోజూ పూజయ్యేక వెళ్ళి ప్రదక్షిణం చేసి వచ్చేదాన్ని. మీ అమ్మ కిటికీలోంచి చూసి, "అమ్మా, కొంపదీసి దానికి కొబ్బరికాయ కొట్టేస్తావా ఏంటి" అనేది. కాస్తే కొడతాను, అన్నాను.

ఇంక ఆ వారం. ఏప్రిల్ నడిమి. ఆదివారం నించే వేడి, సోమవారానికి ఎనభై డిగ్రీలు, ఇక్కడి ఫారెన్‌హీటు లెక్కలో. జనం చెడ్డీలు వేసుకుని కుక్కల్ని తిప్పుతున్నారు. ఆ ఒక్కరోజులో చెట్టు పూర్తిగా విచ్చుకుంది. చూస్తే దిష్టి తగులుతుందేమో అన్నట్టు. నాకు సంతోషం వేస్తోంది, భయమూ వేస్తోంది. తేనెటీగ ఒక్కటి లేదు తెలుసా? అప్పటిదాకా చలి కదా, అవింకా బయటికి రాలేదు. ఈగ వాలకపోతే పిందె ఎలా కడుతుంది? మా అమ్మ ఆనపపాదుకి మగపువ్వు తుంపి ఆడపువ్వుకి తాకించేది. ఈ చెట్టుకి మగా ఆడా ఒకే పువ్వులో ఉంటాయిట, మీ అమ్మ ఫోన్లో చూసి చెప్పింది. అయినా పుప్పొడి కదలాలి కదా.

నా దగ్గరేముంది? పూజ గూట్లో ఒత్తులున్నాయి. పువ్వొత్తి ఒకటి తీసుకుని, దాని దూది మొన పువ్వు మీద అద్ది, పక్క పువ్వుకి అద్ది, అలా మొదలెట్టేను. ఊరికే చేస్తే మనసు నిలవదని విష్ణు సహస్రనామం ఎత్తుకున్నాను, నామానికో పువ్వు. సహస్రం అయిపోయింది, పూలు అయిపోలేదు. మళ్ళీ మొదటికొచ్చేను. మెడ పట్టేసింది.

పక్కింటి జూడీ ఉంది కదా, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైందే, ఆవిడ కంచె మీంచి తొంగి చూసి, ఏం చేస్తున్నారు అంది. నా ఇంగ్లీషు నీకు తెలుసుగా. "బీస్ నో కమ్. సో ఐ కమ్" అన్నాను. ఆవిడకి ఎంత నచ్చిందో ఆ మాట, ఇప్పటికీ కనిపిస్తే "హలో, బీ" అంటుంది నన్ను.

మంగళవారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడి ఉరుములు. శనగగింజలంత వడగళ్ళు. పూరేకులు రాలి గడ్డి మీద అంతా తెల్లగా పరుచుకున్నాయి. నేను లోపల అద్దంలోంచి చూస్తూ నించున్నాను, ఏం చేస్తాను? రేకు రాలినా నడిమి పిందె బొడిపె ఉంటే చాలు స్వామీ అనుకున్నాను. బుధవారం గాలి ఉత్తరానికి తిరిగింది. పొద్దున్న యాభై, మధ్యాహ్నం నలభై. సాయంత్రం మీ నాన్న ట్రెయిన్ దిగి ఇంటికొస్తూనే ఫోన్ చూపించేరు. ఆ రాత్రికి ఫ్రాస్టు, అదే, పువ్వుని కాల్చే మంచు, శుక్రవారం కొంచెం వేడి, మళ్ళీ శనివారం రాత్రి ఇంకా పెద్ద చలి.

"అత్తమ్మా, మీ క్లయింట్ పని ఖతం" అన్నారు, చెట్టుకి నేను లాయర్నని.

"కప్పుదాం బాబూ" అన్నాను.

ఆయన నా మొహం చూసేరు. మరి ఏం కనిపించిందో, కోటు తియ్యకుండానే గరాజ్‌లోకెళ్ళి నీలం టార్పాలిన్ తెచ్చేరు. దీపావళికి మనం ఇంటి చుట్టూ పెట్టే లైట్లు తెచ్చేరు, వేడికి. నిచ్చెనెక్కి ఆయనే కప్పేరు, మీ అమ్మ ఆస్పత్రి డ్యూటీ నించి వచ్చి కింద పట్టుకుంది. లైట్లు వెయ్యగానే చెట్టు లోపలినించి నీలంగా, ఎర్రగా, పచ్చగా... పెళ్ళివారి బస్సులా ఉంది. "నా కేస్ నేనే ఓడిపోనీకి నేనే లాయర్‌గా తిరుగుతున్న చూడుండ్రి" అని నిచ్చెన మీంచి మీ నాన్న.

తెల్లవారి లేచి చూద్దును కదా. టార్పాలిన్ తగిలిన చోటల్లా పువ్వు దానికే అతుక్కుపోయి గడ్డకట్టింది. గాలికి అది కొట్టుకుని ఓ కొమ్మ విరిగిపోయింది. దీపావళి లైట్లు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయే! ఇప్పటి లైట్లకి వేడి ఉండదుట. మీ నాన్న, మీ అమ్మ, ఇద్దరూ అంతంత చదువుకున్నవాళ్ళూ, నేనూ, ముగ్గురం కలిసి రాత్రంతా చెట్టుకి దీపావళి చేసేం.

చెట్టు పైన చుట్టూతా పువ్వంతా పోయింది. పువ్వు తుంపి గోటితో చీల్చి చూడాలి. నడిమి బొడిపె ఆకుపచ్చగా ఉంటే బతికినట్టు, నల్లగా ఉంటే పోయినట్టు. పై కొమ్మలన్నీ నలుపే. లోపలి కొమ్మల్లో మాత్రం పచ్చగా ఉన్నాయి. సగానికి తక్కువ. సగానికి చాలా తక్కువ అనుకో.

మీ నాన్న పక్కన నించుని, మెల్లిగా, వేళాకోళం లేకుండా అన్నారు, "అత్తమ్మా, వదిలేద్దాం. నేను నవ్వులకన్న. మీరు గింత కష్టపడుడు నాకు మంచిగ లేదు. కావాల్నంటే చెట్టు ఉంచుత, కాయకున్నా ఉంచుత."

చూసేవా, ఎంత మంచి మాటో. అక్కడితో అయిపోవాలి కదా? నాకు అయిపోలేదు. ఎందుకో తెలుసా, దయ తలచి ఉంచితే అది మీ నాన్న గొప్ప. కాస్తానని చెప్పింది నేను. "మీరు ఉంచుతారు బాబూ, నాకు తెలుసు. దానిచేత నేను మాటిప్పించేను కదా, అది అబద్ధమాడినట్టు అవకూడదు" అన్నాను. గట్టిగా కూడా అన్లేదు. నేనెప్పుడు గట్టిగా మాట్లాడేను? ఆయన తల గోక్కుని, "మీ అమ్మతోని మాట్లాడు, నాతోని కాదు" అని మీ అమ్మకి చెప్పి ఆఫీసుకెళ్ళిపోయేరు.

జూడీ వచ్చి చూసి, ప్లాస్టిక్ తగలకూడదు, బట్ట కప్పాలి, పాత దుప్పట్లుంటే వెయ్యండి అంది. మనింట్లో దుప్పట్లేవీ? అన్నీ పరుపుకి తొడిగే రబ్బరంచువే, చెట్టుకి తొడిగితే పుట్టగొడుగులా ముడుచుకుంటాయి. బొంతల్లాంటి ఆ కంఫర్టర్లు వేస్తే ఆ బరువుకి కొమ్మలే విరుగుతాయి. తేలిగ్గా ఉండాలి, పొడుగ్గా ఉండాలి, గాలి ఆడాలి, మెత్తగా ఉండాలి. అలా అనుకుంటూ అనుకుంటూ క్లాజెట్లో నా సూట్‌కేసు తీసేను.

నేతచీరలే, తల్లీ. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయినవి. నేను అవి ఎవరికీ ఇవ్వలేదు, మళ్ళీ కట్టుకోనూ లేదు. ఈ ఆకుపచ్చది మా అత్తగారు ఉప్పాడలో, మగ్గం దగ్గర కూచుని బేరమాడి కొన్నారు. కాసు బంగారం నూట యాభై ఉన్న రోజుల్లో దీనికి ముప్ఫై పెట్టిందని మా మావగారు రెండ్రోజులు మాట్లాడలేదుట. పసుపుది నా పురిటి స్నానం చీర, మీ అమ్మ పుట్టినప్పటిది. ఇదిగో ఇది, మా అమ్మది, వెంకటగిరి. చివరికి ఆవిడ కట్టుకున్నది ఇదే. నేను ఇండియా వెళ్ళేసరికి మా వదిన మడతపెట్టి నా చేతిలో పెట్టింది. ఉతకొద్దు వదినా అన్నాను. ఉతకలేదు చాలా ఏళ్ళు.

మీ అమ్మ అదే సూట్‌కేసు దగ్గర నించుని, "అమ్మా, ఆలోచించుకో. చిరిగిపోతాయి. అమ్మమ్మ చీరే ఇది" అంది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది కూడాను.

"మా అమ్మ ఉండి ఉంటే తనే తెచ్చి కప్పేదే" అన్నాను. "పెట్టెలో పెట్టి ఎవరికి చూపిస్తావు, చలికి అల్లాడుతున్న ప్రాణం ఎదురుగా ఉంటే?"

శుక్రవారం ఎండ కాసింది. అరవై దాటింది. ఆ రోజు బతికిన పువ్వులకి మళ్ళీ ఒత్తి అద్దేను. మీ అమ్మా, నేనూ చీరలు జతలు జతలుగా పిన్నీసులు పెట్టి కలిపేం. శనివారం మధ్యాహ్నం నించి గాలి. మబ్బు లేదు, అదీ భయం. మబ్బుంటే కొంచెం వెచ్చన. ఆకాశం అద్దంలా ఉందంటే ఆ రాత్రి చలి దిగుతుంది.

సాయంత్రం ఎండుండగానే మొదలెట్టేం. మీ నాన్న నిచ్చెన మీద, నేను కింద చెప్తూ. "అత్తమ్మా, పల్లు ఏ పక్కకు రావాలె?" అని అడుగుతారాయన. "ఎడం భుజం మీదికి బాబూ" అన్నాను. ఊరికే అన్నాను, అలాగే వేసేరు! అందుకే ఫొటోలో అంత పద్ధతిగా ఉంది చూడు. జూడీ అట్టపెట్టె మోసుకుని వచ్చింది. వాళ్ళమ్మ నాటి క్రిస్మస్ బల్బులుట, నిమ్మకాయంతేసి. మీ అమ్మ బట్టకి తగిలితే అంటుకుంటుందని ఒకటే గోల. అందుకని బల్బులు బట్టకి దూరంగా, చెట్టు బోదె దగ్గర, కింద కొమ్మలకి కట్టేం. వెయ్యగానే చెయ్యి పెట్టి చూసేను, వెచ్చగా ఉంది. హమ్మయ్య అనిపించింది.

అంతా అయ్యేసరికి ఉత్తరం వేపు నడుమ గుడ్డ చాల్లేదు. ఓ మనిషి దూరేంత ఖాళీ. గాలి సరిగ్గా అటునించే. లోపల పచ్చగా మిగిలినవాటిల్లో ఎక్కువ ఆ వేపు కొమ్మ మీదే. సూట్‌కేసు ఖాళీ. పట్టుచీరలు పనికిరావు, జారిపోతాయి.

నేను లోపలికెళ్ళి బేస్‌మెంటులో ఆరేసిన నా మడిచీర తెచ్చేను. అదే, ఈ తెల్లది. పొద్దున్న స్నానం చేసి కట్టుకుని దీపం పెడతానే, అది. వేరే ఎవరూ ముట్టుకోరు, మీ నాన్నకి కూడా తెలుసు, బేస్‌మెంటులో దాని పక్కనించి పక్కకి ఒదిగి వెళ్తారు.

"అమ్మా! అది నీ మడిచీర!" అంది మీ అమ్మ.

"చెట్టుకి మైలేవిటే?" అన్నాను.

మీ నాన్న నిచ్చెన దిగొచ్చి చేతులు చాపేరు, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. "నేను ముట్టుకోవచ్చునా అత్తమ్మా?" అన్నారు. "మీరు కాక ఎవరు కప్పుతారు బాబూ, నాకు అందదు" అని చేతిలో పెట్టేను. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారనుకున్నావు, పసిపిల్లని పట్టుకున్నట్టు. ఆ ఖాళీలో కప్పి, నాలుగు వేపులా పిన్నీసులు ఆయనే పెట్టేరు.

ఇంక మన చేతుల్లో ఏవీ లేదు. లోపలికొచ్చి దీపం పెట్టి, నావల్ల అయ్యింది చేసేను స్వామీ అని చెప్పి పడుకున్నాను. నిద్ర పట్టిందే! నాకే ఆశ్చర్యం.

తెల్లవారేక ముగ్గురం బయటికొచ్చేం. మీ నాన్న ఫోన్ చూసి ఇరవై ఆరు అన్నారు. ఈ లెక్కలో ముప్ఫై రెండుకే నీళ్ళు గడ్డకడతాయి. గడ్డి తొక్కితే అప్పడాల్లా కరకరమంటోంది. చీరలు బిరుసెక్కి నించున్నాయి, గంజి పెట్టినట్టు. మా అమ్మ చీర గాలికి ఓ మూల చిరిగింది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, అయినా పిన్నీసులు నేనే తీసేను. ఒక పువ్వు తుంపి చీల్చేను. నలుపు. ఇంకో కొమ్మ. నలుపు. పసుపు చీర కిందవి, నలుపు. మీ అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి తియ్యకు, ఉండు అన్నాను. మడిచీర కిందికి చెయ్యి పెట్టి, బోదె దగ్గర పువ్వొకటి తీసి చూసేను.

ఆకుపచ్చ.

ఇంకోటి చూసేను. అదీ ఆకుపచ్చే. మీ నాన్న వంగి, కళ్ళజోడు తీసి మరీ చూసి, "పచ్చగున్నది శారదా! ఏ, పచ్చగున్నది!" అని కేక వేసేరు. జూడీ ఇంట్లో దీపం వెలిగింది ఆ కేకకి. ఆవిడ గౌనుతోనే కిటికీ తీసి, ఎవరికైనా ఏమైనా అయ్యిందా అని అడిగింది.

ఆ రోజు మామూలు చీరతోనే దీపం పెట్టేను. స్వామి ఏవీ అన్లేదు.

అయితే అంతటితో కాసేసిందనుకున్నావా? పిందెలు పడ్డాయి, గోళీలంత, నూగు నూగుగా. కొన్ని మే నెల గాలికి రాలిపోయాయి. కొన్నిటిని చెట్టు దానంతట అదే రాల్చుకుంది. మిగిలినవి పసుపెక్కే వేళకి ఉడతలు మొదలెట్టేయి. నేను కుర్చీ వేసుకుని కాపలా కూచునేదాన్ని, జపమాల ఓ చేత్తో, విసనకర్ర ఓ చేత్తో. మా బామ్మకి మేక, నాకు ఉడత. స్నానానికి వెళ్ళొచ్చేలోపల తినేసేవి, పైగా సగం కొరికి నా కుర్చీ మీదే పెట్టి పోయేవి. జూలై వచ్చేసరికి ఎన్ని మిగిలేయంటే, ఒక్కటి. నవ్వకు. ఒక్కటే. దానికి నా పూజ గుడ్డ సంచీలా కుట్టి కట్టేను.

పండేక కోసి, పళ్ళెంలో పెట్టి, మీ నాన్న ముందు పెట్టేను. ఆయన పండు వేపు చూసేరు, నా వేపు చూసేరు. మీసాల్లో నవ్వు ఆపుకుంటూ, "అత్తమ్మా, ఒక్క కాయకు చెట్టు కాసినట్టేనా?" అన్నారు.

"కాస్తానన్నాను బాబూ. ఎన్నో నేను చెప్పలేదు. మీరూ అడగలేదు."

ఆయనకి ఇంక ఆ నవ్వు ఆగలేదు. తరవాత మీ అమ్మతో, "మా కంపెనీకి లాయర్ను తీసుకునేటప్పుడు మీ అమ్మను పెట్టుకోవాలె" అన్నారు. ఆ సాయంత్రమే డెక్కు కట్టేవాడికి ఫోన్ చేసి, మెట్లు అటు వేపు తిప్పమని చెప్పేరు. అందుకే మన డెక్కు వంకరగా ఉంటుంది. వచ్చినవాళ్ళందరూ అడుగుతారు, ఇలా ఎందుకు కట్టేరని. మీ నాన్న, "కోర్ట్ ఆర్డర్" అంటారు.

పండు దేవుడి దగ్గర పెట్టి, నైవేద్యం అయ్యేక నాలుగు ముక్కలు కోసేను, నువ్వప్పుడు ఊళ్ళో లేవు. జూడీకోటి కంచె మీంచి ఇచ్చేను. ఎలా ఉందంటావా? పుల్లగా ఉంది, కొంచెం చేదు కూడాను. అందరం బావుందనే అన్నాం.

నువ్వూ ఇప్పుడు ఉద్యోగం, ఊరు, కొత్త మనుషులూ అంటున్నావు. అన్నీ పూస్తాయే ఈ వయసులో, నేను కాదన్ను. వాటిల్లో కొన్ని రాలిపోతాయి, అదీ నేను ఆపలేను. ఏ ఒక్కదానికి నువ్వు నోరారా మాటిస్తావో, అది మాత్రం నీ చేతుల్లో పండాలి, తల్లీ. ఆ పండు పుల్లగా ఉన్నా పంచుకు తినే మనుషులు నీ చుట్టూ ఉండాలి. ఆ వేంకటేశ్వరుడి దయవల్ల ఉంటారు, ఎందుకుండరూ... ఇంక ఆ ఫోను అక్కడ పెట్టి ఇలా రా. తల నిమరనీ ఒకసారి. ఎంత పొడుగైపోయావే, నాకు అందటం లేదు, కొంచెం వంగు...